నాలుగో పేజీ

ముందే ఒక మాట చెప్పేస్తాను, ఆ తర్వాత మీరు నన్ను ఏమైనా అనుకోండి. అమ్మ క్యాన్సర్ రిపోర్టు వచ్చి పందొమ్మిది రోజులు అవుతున్నా, "ఇంకా రాలేదమ్మా" అని రోజూ చెప్పింది నేనే. కావాలని చెప్పలేదు, తెలియక చెప్పాను. తెలిశాక మాత్రం కావాలనే ఇంకో అబద్ధం చెప్పాను. మా నాన్నకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. ఆయన ఇలాంటివి చదవడు. అందుకే రాయగలుగుతున్నాను.

నా ఉద్యోగం తప్పులు వెతకడం. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో ఎక్కడ బొక్క ఉందో కనిపెట్టి, నొప్పించకుండా రాసి పంపితే నెల తిరిగేసరికి జీతం ఇస్తారు. "పుట్టినప్పటినుంచీ ఉన్న గుణమే, కాలేజీవాళ్ళు దానికో సర్టిఫికెట్ ఇచ్చారు" అంటుంది అమ్మ.

అమ్మ ఆడవాళ్ళకి కారు నేర్పుతుంది. పదిహేడేళ్ళుగా అదే పని. మా తెల్ల కారుకి రెండువైపులా పెడల్స్ ఉంటాయి. నేర్చుకునేవాళ్ళ బ్రేకూ, పక్కసీట్లో అమ్మ బ్రేకూ ఒకే కడ్డీకి కట్టి ఉంటాయి. అమ్మ తనవైపు నొక్కిందంటే ఇటువైపు పెడల్ మన కాలి కిందనుంచి దానంతటది దిగిపోతుంది. మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనట్టు ఉంటుంది. అన్నేళ్ళు నొక్కీ నొక్కీ అమ్మ కుడికాలికి అదో జబ్బులా పట్టుకుంది. బస్సులో కూర్చున్నా నొక్కుతుంది, సోఫాలో కూర్చున్నా నొక్కుతుంది. టీవీలో ఎవరైనా చూడకుండా రోడ్డు దాటుతుంటే నేలకేసి నొక్కుతుంది. ఎవరైనా నా పెళ్ళి మాట ఎత్తినా నొక్కుతుంది. అందుకు ఆ కాలికి నేను రుణపడి ఉన్నాను.

ఆ వానాకాలం మొదట్లో అమ్మకి ఒక రొమ్ము తీసేశారు. స్టీరింగ్ వైపుది. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే చెయ్యి చాపి చక్రం లాగే వైపు.

మూడు వారాల తర్వాత డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, మూడు పేజీల రిపోర్టు ముందు పెట్టింది. చంకలోంచి తీసిన పద్నాలుగు గ్రంథుల్లో ఆరింట్లో ఉందట. ఒక ప్రోటీన్ ఉందో లేదో మాత్రం అటూ ఇటూ కాకుండా వచ్చిందట.

"అది ఉంటే ఒక మందు, లేకపోతే ఇంకో మందు. ఇంకో పరీక్షకి పంపించాం. అది తేలకుండా నేను మొదలుపెట్టను. ఈలోపు గాయం కూడా మానాలి."

"ఎన్నాళ్ళు పడుతుందండీ?" అని నాన్న అడిగాడు. నాన్న వడ్రంగి. ఎవరేం చెప్పినా కొలత అడుగుతాడు.

"రెండు వారాలు అటూ ఇటూ. రాగానే ఫోన్ చేసి వచ్చెయ్యండి. ఆలస్యం మాత్రం చెయ్యకండి."

బల్ల కింద అమ్మ కుడికాలు నేలకేసి నొక్కుకుని ఉంది. నేనొక్కదాన్నే చూశాను.

బయటికొచ్చాక అమ్మ అంది, "వారానికి రెండుసార్లు వచ్చి కౌంటర్లో అడుగుదామే."

నాకు ఆ కౌంటర్ అంటే అసహ్యం. ఆపరేషన్‌కి ముందు ఒకసారి ఆ అద్దం వెనకాయన, చేతిలో ఫైలు పట్టుకుని, హాలు మొత్తానికి వినబడేలా "రొమ్ము క్యాన్సర్ ఎవరమ్మా?" అని అరిచాడు. క్లాసులో హాజరు పలికినట్టు అమ్మ చెయ్యెత్తింది. వెనక వరసలో ఇంకో ఇద్దరు కూడా ఎత్తారు. "అబ్బో, పోటీ ఉందే" అంది అమ్మ. హాలంతా నవ్వింది. ఆ నవ్వు నాకు చాలా రోజులు చెవుల్లోంచి పోలేదు.

"లైన్లో నిలబడే అవసరం లేదమ్మా. ఆసుపత్రివాళ్ళ సైటులో మన రిపోర్టులన్నీ ఉంటాయి. చిన్న ప్రోగ్రాం రాస్తాను. పది నిమిషాలకోసారి అదే లోపలికెళ్ళి చూసొస్తుంది. కొత్తది కనిపించగానే నా ఫోన్ మోగుతుంది."

"పది నిమిషాలకోసారా," అన్నాడు నాన్న. "మనిషైతే తంతారు."

అదే రోజు సాయంత్రం టీ తాగుతూ రాసేశాను. పెద్ద పనేం కాదు. అమ్మ పేరు మీద ఉన్న ఫైళ్ళు లెక్కపెడుతుంది. అప్పటికి ఆరు ఉన్నాయి. ఏడోది కనిపిస్తే మోగాలి. పెంపుడు పిల్లికి పేరు పెట్టినట్టు దానికో పేరు కూడా పెట్టాను, ఇక్కడ చెప్పను, సిగ్గుగా ఉంది. నాన్న ముచ్చటపడి నా వెనక నిలబడి, తెర మీద "6, 6, 6" అని పడుతుంటే గడియారం చూసినట్టు చూశాడు.

ఎదురుచూడటం ఒక పని అని నాకు అప్పటిదాకా తెలియదు. పొద్దున లేవగానే అమ్మ గోడ దగ్గర నిలబడి వేళ్ళతో గోడ ఎక్కేది. చెయ్యి బిగుసుకుపోకుండా ఆసుపత్రివాళ్ళు చెప్పిన వ్యాయామం. చూపుడువేలూ మధ్యవేలూ సాలీడులా పైకి పాకుతూ ఒకచోట ఆగిపోయేవి. అమ్మ పళ్ళు బిగపట్టేది. నాన్న చెవి వెనకనుంచి పెన్సిల్ తీసి అక్కడ గీత గీసి, పక్కన తేదీ వేసేవాడు. చిన్నప్పుడు నా ఎత్తు కూడా అలాగే గీసేవాడు, కాకపోతే తలుపు చట్రం మీద.

"నిన్నటికన్నా అర అంగుళం," అనేవాడు.

"నువ్వు పెన్సిల్ చెక్కలేదు. మొద్దు గీత. పావే," అనేది అమ్మ.

ఎనిమిదింటికల్లా హాఫ్‌క్లచ్ టీచర్ వచ్చేది. ఆవిడ బడిలో లెక్కలు చెప్తుంది. అమ్మ దగ్గర ఎనిమిది నెలలుగా కారు నేర్చుకుంటూ, పరీక్షలో నాలుగుసార్లు తప్పింది. క్లచ్ మీదనుంచి కాలు పూర్తిగా తియ్యడం ఆవిడ జాతకంలో లేదని అమ్మ ఆ పేరు పెట్టింది. మొహం మీదే అలా పిలుస్తుంది. ఆవిడ మాత్రం అమ్మని "గురువుగారూ" అంటుంది. బడికి వెళ్ళేముందు వచ్చి, అమ్మ ఎదురుగా కూర్చుని, ఒక్కటే ప్రశ్న అడిగేది.

"వచ్చిందా గురువుగారూ?"

అమ్మ నా వైపు చూసేది. నేను ఫోన్ చూసి, "ఇంకా రాలేదమ్మా" అనేదాన్ని.

రెండు వారాలు దాటాక టీచర్ ఊరుకోలేదు. "అమ్మాయ్, ఒకసారి వెళ్ళి మనిషిని అడగకూడదూ?"

"వస్తే తెలిసిపోతుంది టీచర్. రాలేదంటే రాలేదనే."

"నేను నాలుగుసార్లు తప్పాను. నాలుగుసార్లూ కాగితం మీద 'తప్పారు' అనే ఉంది. ఎందుకు తప్పానో ఆ ఆఫీసరు దగ్గరకెళ్ళి అడిగితేనే చెప్పాడు. కాగితానికి నోరుండదమ్మా. బడి అయ్యాక పోనీ నేను వెళ్ళొస్తాను, అది నా దారే."

"వద్దు టీచర్. ఎందుకు మీకు శ్రమ."

శ్రమ అన్నాను గానీ మనసులో అనుకున్నది వేరు. క్లచ్ వదలడం రాని మనిషి నాకు చెప్పొచ్చింది అనుకున్నాను. 

నాన్న నా పక్షమే. "మా అమ్మాయి పెట్టిన మిషను రాత్రీ పగలూ చూస్తోంది టీచర్‌గారూ. మనం వెళ్తే భోజనానికి లేచారంటారు."

అమ్మ ఇంట్లో ఉండలేకపోయింది. నాలుగోవారం ఒక పొద్దున తాళాలు నా ఒళ్ళో పడేసి, "పద, నీకు నేర్పిస్తాను" అంది. పదిహేడేళ్ళలో ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళకి నేర్పిన మనిషి కూతురికి కారు రాదు. చెప్పులు కుట్టేవాడి పిల్లలకి చెప్పులుండవు కదా, అదీ సంగతి.

"నీ చెయ్యి..."

"నేర్పడానికి నోరు చాలు. ఆపడానికి కాలు చాలు."

గోదాముల వెనక లారీలు తిప్పుకునే ఖాళీ స్థలం ఒకటుంది. రోజూ పొద్దున ఆఫీసుకి ముందు అక్కడికే వెళ్ళేవాళ్ళం. వాన నీళ్ళు గుంటల్లో నిలబడి ఉండేవి. అమ్మ రెండు మెత్తల మధ్య కూర్చుని, ఆపరేషనైన చేతిని ఒళ్ళో పసిపాపలా పెట్టుకుని, మిగతా ప్రపంచాన్ని తిట్టేది.

"ఎందుకే అంత గట్టిగా పట్టుకున్నావ్, అది పారిపోతుందా? వదులు... అంత వదలమని ఎవరన్నారు. అద్దంలో చూడు. ఆ అద్దం కాదు, నీ మొహం చూసుకునేది కాదు, పక్కది."

నేను గోడ వైపు వెళ్ళినప్పుడల్లా నా కాలి కింద పెడల్ దిగిపోయేది. కారు ఆగేది. నాకు కోపం, ధైర్యం రెండూ ఒకేసారి వచ్చేవి. ఎంత చెత్తగా నడిపినా ఆ కాలు అక్కడుంది.

ఒకరోజు ఇంజన్ ఆపేసి కూర్చున్నాం. అద్దం మీద వాన కారుతోంది.

"రాకపోతే ఏమవుతుందే?" అంది అమ్మ.

"ఏది?"

"రిపోర్టు. అసలు రాకపోతే. వాళ్ళు పారేశారనుకో."

"అలా పారెయ్యరమ్మా."

"అది కాదు. లోపల ఉన్నది మనకోసం ఆగుతుందా అని. సిగ్నల్ ఎర్రగా ఉంటే మనం ఆగుతాం. అడ్డరోడ్డులో వచ్చేవాడు ఆగడు కదా, వాడికి పచ్చ."

 ఫోన్ తీసి చూశాను. ఆరు. "ఇంకా రాలేదు" అన్నాను. అమ్మ తలూపింది. అప్పటికి అది వచ్చి పదిహేను రోజులైంది.

సంగతి తెలిసింది ఆఫీసులో. పగలు పదకొండున్నరకి, అందరూ టీ కోసం లేస్తున్నప్పుడు. ఒక ప్రోగ్రాంలో తప్పుందని నేను రాసి పంపితే, అది రాసిన పక్క బల్ల అబ్బాయి కుర్చీ దొర్లించుకుంటూ వచ్చాడు.

"నా దాంట్లో తప్పు లేదు. నీ టెస్టే తప్పు."

"ఎలా?"

"కొత్త ఎంట్రీ రాలేదని రాశావ్. కొత్తది ఎందుకొస్తుంది? పాతదే మారుతుంది, దాని కిందే చేరుతుంది. నువ్వు ఎన్నున్నాయో లెక్కపెడుతున్నావ్ గానీ, తెరిచి చూడట్లేదు."

"అవును," అన్నాను. "నాదే తప్పు."

వాడు వాదించడానికి సిద్ధపడి వచ్చాడు పాపం. నిరాశగా వెళ్ళిపోయాడు.

నేను ఫోన్లో ఆసుపత్రి సైటు తెరిచాను. ఆరు ఫైళ్ళు. మొదటిరోజు డాక్టరమ్మ మా ముందు పెట్టిన రిపోర్టు మూడోది. దాన్ని నొక్కాను. పేజీ అడుగున ఎప్పుడూ ఉండే "1/3" బదులు "1/4" అని ఉంది. నాలుగో పేజీకి వెళ్ళాను. నాలుగు లైన్లు. పాజిటివ్. అంటే దానికి మందు ఉంది. ఆ మందు పేరుతో సహా డాక్టరమ్మ మాకు ముందే చెప్పింది. కింద తేదీ. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను, మళ్ళీ లెక్కపెట్టాను. పందొమ్మిది.

ఆ తర్వాత ఏం చేశానో అడిగితే, టీ తాగాను. అందరితో పాటు వెళ్ళి నిలబడి తాగాను. ఎవరో జోకేస్తే నవ్వాను కూడా. తర్వాత కిందికెళ్ళి మెట్ల దగ్గర డాక్టరమ్మ ఆఫీసుకి ఫోన్ చేస్తే, మర్నాడు పొద్దున రమ్మన్నారు. ఒకే ఒక్క ఫోను. మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

దారిలో జిరాక్స్ షాపులో ఆ పేజీ ప్రింటు తీయించాను. తేదీ మార్చడం నాకు ఐదు నిమిషాల పని, మార్చినట్టు ఎవరికీ తెలియదు. మార్చలేదు. నిజాయితీ అనుకోకండి. అంత చిన్న అక్షరాలు అమ్మ చూడదనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి నాన్న గోడ మీద గీత గీస్తున్నాడు. అమ్మ వేళ్ళు స్విచ్‌బోర్డు దాటాయి.

"వచ్చిందమ్మా," అన్నాను. "ఈరోజే."

నాన్న పెన్సిల్ కింద పడేశాడు. "మోగిందా?"

"మోగింది నాన్నా."

అమ్మ కాగితం తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుంది. చాలాసేపు చదివింది, నాలుగు లైన్లకి పట్టేదానికన్నా ఎక్కువసేపు. తర్వాత రెండు మడతలు పెట్టి, "రేపెన్నింటికి?" అంది.

మర్నాడు డాక్టరమ్మ గదిలో, అమ్మని నర్సు బరువు చూడటానికి తీసుకెళ్ళినప్పుడు, నాన్న బయట టోకెన్ దగ్గర ఉన్నప్పుడు, నేనూ ఆవిడా మిగిలాం. ఆవిడ కంప్యూటర్లో చూసి కళ్ళజోడు సవరించుకుంది.

"ఇది వచ్చి చాలా రోజులైందే."

"నేను చూసుకోలేదండీ."

"కౌంటర్లో అడగలేదా?"

"లేదండీ."

ఆవిడ ఏదో రాసుకుంది. తిడుతుందేమోనని చూశాను. తిట్టలేదు.

"దానివల్ల తేడా ఏమైనా..."

"ఒక్కొక్కరి శరీరం ఒక్కోలా ఉంటుంది. ఇప్పుడు అది ఆలోచించకండి. మందు ఎక్కించేముందు ఒంటికంతా స్కాన్ తీద్దాం."

ఆ స్కాన్ ఫలితానికి ఇంకో వారం. ఈసారి రోజూ పొద్దున నేనే వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడ్డాను. అద్దం వెనకాయన మూడోరోజుకి నన్ను గుర్తుపట్టి, నేను నోరు తెరవకముందే తల అడ్డంగా ఊపేవాడు. ఆరోరోజు నిలువుగా ఊపాడు.

కాలేయంలో రెండు మచ్చలు. పెద్దవేం కావు.

నాన్న తన జీవితంలో అడిగినవాటిలో అన్నిటికన్నా సరైన ప్రశ్న అడిగాడు. "ఇవి మొదటినుంచీ ఉన్నవాండీ, ఈ మధ్యలో వచ్చాయా?"

డాక్టరమ్మ ఒక్క క్షణం నా వైపు చూసింది. ఒక్క క్షణమే.

"చెప్పలేం. ఆపరేషన్‌కి ముందు చేసిన పరీక్షల్లో ఇంత చిన్నవి కనబడవు. అప్పుడే ఉండి ఉండొచ్చు."

ఉండి ఉండొచ్చు. ఆ మాట తిని బతుకుతున్నాను నేను. ఒక్కోరోజు అరుగుతుంది, ఒక్కోరోజు అరగదు.

"ఇకమీదట మన ఉద్దేశం అదుపులో పెట్టుకోవడం," అంది ఆవిడ.

"నయం అవడం..." అన్నాడు నాన్న.

"అదుపులో పెట్టుకోవడం," అని అంతే నెమ్మదిగా మళ్ళీ చెప్పింది. ఆవిడకి ఆ మాట రెండుసార్లు చెప్పడం అలవాటనుకుంటాను.

నాన్న ఎన్నాళ్ళని అడగలేదు. కొలత అడగని మొదటిసారి అది. బల్ల కింద అమ్మ కాలు నొక్కుకుని ఉంది. మేం లేచేదాకా అలాగే ఉంది.

మందు ఎక్కించడం మొదలైంది. మూడు వారాలకోసారి. మొదటిసారి బయట హాల్లో కూర్చుంటే, నాన్న పక్కనున్న కుటుంబానికి నా గొప్ప చెప్పడం మొదలెట్టాడు. వాళ్ళూ ఏదో రిపోర్టు కోసమే తిరుగుతున్నారు. తల్లి పక్కన కూతురు, ఇంచుమించు నా వయసే ఉంటుంది.

"ఆ మొదటి రిపోర్టుకి మేం ఒక్కసారి కూడా లైన్లో నిలబడలేదండీ. మా అమ్మాయి కంప్యూటర్లో మిషను పెట్టింది. పది నిమిషాలకోసారి చూస్తుంది. రిపోర్టు వచ్చిన రోజే పట్టేసింది. వీళ్ళకి కూడా పెట్టివ్వమ్మలూ, పుణ్యముంటుంది."

ఆ అమ్మాయి ఆశగా ఫోన్ చాపింది. "నిజంగా పెట్టిస్తావా అక్కా?"

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. "అది ఇప్పుడు పని చెయ్యట్లేదు," అన్నాను. "నువ్వు వెళ్ళి కౌంటర్లో అడుగు. రేపు కూడా అడుగు. సిగ్గుపడకు. పాత రిపోర్టులు కూడా తెరిచి చూడమని అడుగు. చివరి పేజీ దాకా."

ఇంటికెళ్ళేదాకా నాన్న నాతో మాట్లాడలేదు. "చదువుకున్నవాళ్ళకి సాయం చెయ్యడానికి చేతులు రావు" అని మాత్రం కిటికీకి చెప్పాడు.

రెండోసారి మందుకి వారం ముందు, అమ్మకి కాస్త ఓపిక వచ్చిన పొద్దున, మళ్ళీ గోదాముల వెనక్కి వెళ్ళాం. అమ్మ తలకి గుడ్డ కట్టుకుంది. రివర్స్‌లో రెండు డబ్బాల మధ్య పెట్టమంది. మెడ తిప్పి వెనక్కి చూస్తూ నెమ్మదిగా వస్తున్నాను.

"ఆ పేజీ మీద తేదీ ఉంది," అంది అమ్మ.

కారు ఆగిపోయింది. బ్రేక్ వల్ల కాదు. క్లచ్ వదిలేశాను.

"ఎప్పుడు చూశావ్?"

"ఇచ్చినరోజే. పదిహేడేళ్ళుగా లైసెన్స్ కాగితాలు చూస్తున్న కళ్ళు. పేరు తర్వాత చూస్తాను, ముందు గడువు దాటిందా అని చూస్తాను."

డబ్బా మీద వాన చినుకులు టపటపమంటున్నాయి.

"మరెందుకు అడగలేదు?"

"ఏమని అడగనూ?"

"తిట్టొచ్చు కదమ్మా."

"తిడితే నీకు హాయిగా ఉంటుంది," అంది.

కోపంగా అనలేదు. గేరు మార్చమని చెప్పినట్టు అంది. క్షమించానని కూడా అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది కదా, ఆ చెప్పేదేదో ఇద్దరికీ వినాలని లేదు.

మెత్త సర్దుకుని అంది, "మీ నాన్నకి చెప్పకు. ఇప్పుడాయన నమ్ముకోవడానికి నీ కంప్యూటర్ తప్ప ఇంకేం లేదు."

"సరే."

"స్టార్ట్ చెయ్యి. లారీ వస్తోంది, వాడికి దారివ్వు."

లైసెన్స్ నాకు మొదటిసారికే వచ్చింది. హాఫ్‌క్లచ్ టీచర్ నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు వచ్చి, అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, "నేను మానేస్తాను గురువుగారూ, నాకిక రాదు" అంది. "మానేస్తే చంపేస్తాను, ఫీజు కట్టావు" అంది అమ్మ. ఎవరు నేర్పుతారని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

ఇక చివరిది. దీని గురించే అసలు రాద్దామనుకున్నాను, మిగతాదంతా దీనికి దారి.

వానలు వెనకబట్టాయి. నాలుగోసారి మందు ఎక్కించుకుని వస్తున్నాం, మధ్యాహ్నం మూడవుతోంది. నాన్నకి ఎక్కడో తలుపులు బిగించే పనుంది, రాలేదు. నేను నడుపుతున్నాను. అమ్మ పక్కసీట్లో, తన సీట్లో, ఒక మెత్త పొట్టకి హత్తుకుని కూర్చుంది. బడి దగ్గర మలుపు తిరుగుతుంటే ఆగి ఉన్న బస్సు ముందునుంచి ఒకాయన సైకిల్ తోసుకుంటూ అడ్డంగా వచ్చేశాడు, చూడకుండా.

నేను చూశాను. కాలు బ్రేక్ మీదికి వెళ్ళింది. వెళ్తూ ఎదురుచూసింది. నేను నొక్కేలోపే పెడల్ దానంతటది దిగుతుందని, ఎప్పటిలా మెట్టు మాయమవుతుందని. దిగలేదు. చివరిదాకా నేనే నొక్కాను. కారు సైకిల్‌కి జానెడు దూరంలో ఆగింది. ఆయన నన్నో మాట తిట్టి వెళ్ళిపోయాడు.

నిద్రపోయిందేమో అనుకుని అమ్మ వైపు తిరిగాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. రోడ్డు వైపే చూస్తోంది. రెండు కాళ్ళూ సీటు మీదికి మడుచుకుని, మెత్త కింద పెట్టుకుంది.

"చూశావా అమ్మా?"

"చూశాను."

"బ్రేక్ వెయ్యలేదే."

 "ఏమో. వెయ్యాలనిపించలేదు," అంది.

నా మీద నమ్మకం కుదిరింది, అందుకే వెయ్యలేదు అనుకోవడానికి ఆ రోజునుంచీ ప్రయత్నిస్తున్నాను. వెనక హారన్లు కొడుతున్నారు. మొదటి గేరు వేసి కదిలాను. ఇంటిదాకా ప్రతి మలుపులోనూ నా కాలు పెడల్ మీద తేలిగ్గా పెట్టి ఉంచాను, అటువైపునుంచి ఏమైనా కదులుతుందేమోనని.

గోడ మీద గీతలు స్విచ్‌బోర్డు దాటి ఒక జానెడు పైన ఆగిపోయాయి. ఆ తర్వాత నాన్న గియ్యలేదు. సున్నం వేయిద్దామంటే ఒప్పుకోడు. నా ప్రోగ్రాం ఇప్పటికీ నడుస్తూనే ఉంది, ఆయన కోసం. అప్పుడప్పుడూ వచ్చి తెర వైపు చూసి, "ఇవాళెన్ని?" అంటాడు. తొమ్మిది నాన్నా, అంటాను. ఆ తొమ్మిదీ నేను రోజూ తెరిచి చూస్తాను. రేపు ఇంకో స్కాన్. పొద్దున ఎనిమిదికి కౌంటర్ తెరుస్తారు, ఏడున్నరకే వెళ్తాను.

మీ ఇంట్లో కూడా ఎవరైనా ఇలా చూసీ అడగకుండా మడతపెట్టిన కాగితం ఉందా? మీరు ఇచ్చినవాళ్ళా, తీసుకున్నవాళ్ళా? ఎలా ఉన్నారు ఆ తర్వాత, ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర? నాకు రాయండి. ధైర్యం చెప్పొద్దు, అది నా దగ్గర బోలెడు పడి ఉంది, ఎవరూ వాడట్లేదు. జరిగింది జరిగినట్టు రాయండి చాలు. ఎంత పొడుగున్నా ఫర్వాలేదు. నేను చదువుతాను. చివరి పేజీ దాకా.